పాటల ఊళ్ళో ఆడవాళ్ళ చిరునామాలు

అమెరికా వెళ్ళొచ్చిన వాళ్ళని మనవాళ్ళు మొట్టమొదట అడిగేది "నయాగరా చూశావా?" అని. రెండోది "అక్కడ చింతపండు దొరుకుతుందా?" అని. నన్నూ అడిగారు. నయాగరా చూళ్ళేదు. చింతపండు శుభ్రంగా దొరుకుతోంది. ఈ రెండూ కాక నేను చూసినదొకటుంది, అది మీకు చెబుదామనే ఈ కాగితాలు ముందేసుకున్నాను.

మా చెల్లెలు ఉండేది టెన్నెసీ రాష్ట్రంలో నాష్‌విల్ అనే ఊళ్ళో. ఆ రాష్ట్రానికి రాజధాని అదే. ఊరికి ముద్దుపేరు 'మ్యూజిక్ సిటీ'. మనకి త్యాగరాజస్వామి పేరు చెబితే తిరువయ్యూరు గుర్తొచ్చినట్టు, వాళ్ళకి 'కంట్రీ మ్యూజిక్' అంటే ఈ ఊరే గుర్తొస్తుంది. 2023 అక్టోబరులో నేను వెళ్ళినప్పుడు ఒక శనివారం, "అక్కా, ఇవాళ ఊరు చూపించే బస్సెక్కుదాం, వంట సంగతి మర్చిపో" అంది. మరిదిగారు పిల్లల్ని తను చూసుకుంటానన్నారు. ఇలాంటివి కూడా రాయాలి కనక రాస్తున్నాను.

ముందు ఈ కంట్రీ మ్యూజిక్ ఏమిటో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 'కంట్రీ' అంటే ఇక్కడ పల్లెటూరని అర్థం. ఐర్లాండు, స్కాట్లాండు వైపుల నించి వలసొచ్చి కొండల్లో స్థిరపడ్డవాళ్ళు ఫిడేలు తెచ్చుకున్నారు. మన కచేరీల్లో వాయించే వయొలినే అది. బాంజో అనే వాయిద్యం ఆఫ్రికా నించి బానిసలుగా పట్టుకొచ్చిన వాళ్ళది. హవాయి దీవుల నించి స్టీలు గిటారు వచ్చి చేరింది. ఆ స్టీలు గిటారు జారుతూ మోగుతుంటే నాకు మన వీణ మీద గమకాలే జ్ఞాపకం వచ్చాయి. ఇక పాటల్లో సంగతులంటారా! అమ్మ, పుట్టిల్లు, దేవుడు, అప్పులు, తాగొచ్చే మొగుడు, వదిలేసి పోయిన ప్రియుడు, దూరంగా పోతున్న రైలు. చెప్పొద్దూ, మధ్యాహ్నం పూట వంటిళ్ళు సర్దుకుని మనం అరుగు మీద చెప్పుకునే కబుర్లన్నీ వాళ్ళు గిటారు మీద చెప్పుకున్నారు.

మా గైడు అరవై దాటిన మనిషి. నెత్తిన పెద్ద అంచుల టోపీ, కాళ్ళకి మోకాళ్ళ దాకా బూట్లు, పక్కనే గిటారు. ఆ ఊళ్ళో గైడూ, టాక్సీ డ్రైవరూ, హోటల్లో ప్లేట్లు అందించే అమ్మాయీ, ఎవర్ని కదిపినా పాటలు రాసుకునేవాళ్ళేనని మా చెల్లెలు ముందే చెప్పింది. అతని ఇంగ్లీషు దక్షిణాది యాసలో సాగుతూ ఉంటే నా ఇంటర్మీడియెట్ ఇంగ్లీషుకి సగమే అందింది. మిగతా సగం చెల్లెలు తెనిగించింది. మొదటి అరగంటలో అతను చెప్పిన పేర్లు వేళ్ళ మీద లెక్కపెట్టాను. పదింట తొమ్మిది మగవాళ్ళవే. "ఆడవాళ్ళెవరూ పాడలేదా అని అడగవే" అన్నాను. చెల్లెలు అడిగింది. ఆయన నవ్వి, టోపీ తీసి, "అడిగేదాకా చెప్పకపోవడం మా అలవాటమ్మా" అన్నాడు. ఆ తర్వాత బస్సు ఎక్కడాగినా ఆడవాళ్ళ కథ ఒకటి మాకోసం విడిగా చెప్పాడు. అవే మీకు చెబుతున్నాను. మగవాళ్ళవి ఎలాగూ గోడలనిండా ఉన్నాయి.

మొదట దిగింది 'కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్' అనే మ్యూజియం దగ్గర. 2001లో కట్టిన భవనం. కిటికీలు పియానో మెట్లలా ఉంటాయి. లోపల గిటార్లూ, తళుకుల కోట్లూ, ఎల్విస్ ప్రెస్లీ గారి బంగారు రంగు కారూ ఉన్నాయి. ఆ కారు చుట్టూ జనం విరగబడి ఉంటే మేం నేరుగా గుండ్రటి హాల్లోకి వెళ్ళిపోయాం. అక్కడ గోడల మీద గొప్ప గాయకుల పేర్లతో కంచు ఫలకాలు ఉంటాయి. వాటిలో కిట్టీ వెల్స్ అనే ఆవిడ ఫలకం ముందు గైడు ఆగాడు.

ఈవిడ ఆ ఊళ్ళోనే 1919లో పుట్టింది. చిన్నతనంలో చదువు మానేసి బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలు ఇస్త్రీ చేసింది. భర్తా పాటగాడే. ఆయన పాట బాగానే నడుస్తోంది గానీ ఈవిడ పాట సాగలేదు. 1952 నాటికి ముగ్గురు పిల్లలతో, ఇంక పాడింది చాల్లే అనుకునే స్థితిలో ఉంది. ఆ ఏడు ఒక మగవాడి పాట ఊరూవాడా మోగిపోతోంది. ఇల్లు వదిలి కల్లంగళ్ళ వెంట తిరిగే ఆడదాన్ని నిందించే పాట అది. దానికి ఆడదాని తరఫున ఎదురుపాట ఒకటి తయారైంది. రాసింది మగవాడే, ఏ మాటకామాటే చెప్పుకోవాలి. చెడిపోయిన ప్రతి ఆడదాని వెనకా ఆమెని మోసం చేసిన మగవాడొకడు ఉంటాడు, అతన్నీ అడగండి అనేది ఆ పాట సారాంశం. మన వియ్యాలవారి పాటల్లో మగపెళ్ళివారి మాటకి ఆడపెళ్ళివారు బదులిస్తారు చూడండి, అచ్చం అలాగే.

ఈవిడ ఆ పాట పాడటానికి ఎందుకు ఒప్పుకుందో తెలుసా? రికార్డింగుకి వెళితే 125 డాలర్లు ఇస్తారని. విప్లవం కోసం కాదు, ఇంటి ఖర్చు కోసం. నాకు ఆ ముక్క వింటుంటే ఆవిడ ఎవరో మా వీధిలో ఆవిడే అనిపించింది. రేడియోవాళ్ళు ఆ పాట వెయ్యమన్నారు, ఊళ్ళో పెద్ద వేదిక మీద మొదట్లో పాడనివ్వలేదు. అయినా జనం కొన్నారు. బిల్‌బోర్డ్ పత్రిక కంట్రీ పాటల జాబితాలో ఒంటరిగా పాడి మొదటి స్థానానికి వచ్చిన తొలి మహిళ ఆవిడే. 2012లో పోయేనాటికి 'కంట్రీ సంగీతపు రాణి' అని పిలిపించుకుంది. ఇస్త్రీ పెట్టె నించి రాణీగారి దాకా!

అక్కణ్ణించి బస్సు 'మ్యూజిక్ రో' అనే పేటకి తీసుకెళ్ళింది. చూడటానికి మామూలు ఇళ్ళే, చెట్లూ అరుగులూ ఉన్నవే. ఆ ఇళ్ళలోనే రికార్డింగు స్టూడియోలూ, పాటల కంపెనీల ఆఫీసులూ. అందులో 'స్టూడియో బి' అనేది 1957లో కట్టింది. ఎల్విస్ ఒక్కడే అక్కడ రెండు వందలకి పైగా పాటలు పాడాడట. బయటి గోడ చూపించి గైడు మా వంక తిరిగాడు. 1967లో డాలీ పార్టన్ అనే అమ్మాయి రికార్డింగుకి ఆలస్యమైపోతోందన్న కంగారులో కారు తీసుకొచ్చి ఆ గోడకే గుద్దేసింది. ఇటుకల మీద ఆ మచ్చ ఇప్పటికీ చూపిస్తారు. ఎల్విస్ పియానో కన్నా ఆ మచ్చకే ఎక్కువ మంది ఫోటోలు తీసుకున్నారు. నేనూ తీసుకున్నాను.

డాలీ గురించి మాత్రం తీరిగ్గా చెప్పాలి. పన్నెండు మంది పిల్లలున్న పేద కుటుంబం. తండ్రికి చదవడం రాదు. చిన్నప్పుడు తల్లి గుడ్డముక్కలన్నీ ఏరి, మన బొంత కుట్టినట్టు అతుకులేసి కోటు కుట్టిస్తే, బళ్ళో పిల్లలంతా నవ్వారు. పెద్దయ్యాక ఆ కోటు మీదే పాట కట్టింది. అదీ ఎక్కడ రాసిందనుకున్నారు? బస్సులో పోతూ, లాండ్రీ రసీదు వెనకాల! ఆ పాట 1971లో వచ్చింది. 1964లో హైస్కూలు చదువు పూర్తయిన మర్నాడే నాష్‌విల్ బస్సెక్కి వచ్చేసింది. వచ్చిన రోజే మాసిన బట్టలు ఉతుక్కోవడానికి డబ్బులేసి ఉతుక్కునే దుకాణానికి వెళితే అక్కడే కాబోయే భర్త కనిపించాడు. 1966లో పెళ్ళి. 2025లో ఆయన పోయేదాకా కలిసే ఉన్నారు. లాండ్రీ ఆవిడకి ఎంత అచ్చొచ్చిందో చూడండి.

ఇక అసలు సంగతి. 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యు' అనే పాట ఆవిడ రాసి పాడింది, 1974లో వచ్చింది. తనని పైకి తెచ్చిన గాయకుడి బృందం వదిలి సొంతంగా నిలబడుతూ, పోట్లాట లేకుండా సెలవు తీసుకోవడానికి రాసుకున్న పాట. ఎల్విస్ ఆ పాట పాడతానన్నాడు. ఎల్విస్ పాడటమంటే అప్పట్లో మాటలా? ఆవిడ పొంగిపోయింది. తీరా రేపు రికార్డింగనగా, పాట హక్కులో సగం తమకి రాసివ్వాలని ఎల్విస్ మేనేజరు కబురంపాడు. పాట ఎవరు పాడినా, ఎక్కడ మోగినా, హక్కు ఉన్నవాళ్ళకి డబ్బు వస్తుంది. మన భాషలో చెప్పాలంటే పొలం కౌలుకిచ్చినా పట్టా మన పేరునే ఉండటం లాంటిది. ఆ పట్టాలో సగం అడిగారన్నమాట. ఆవిడ ఇవ్వనంది. రాత్రంతా ఏడ్చింది, అయినా ఇవ్వనంది. ఎల్విస్ ఆ పాట పాడనేలేదు. 1992లో విట్నీ హ్యూస్టన్ అనే గాయని సినిమా కోసం అదే పాట పాడితే ప్రపంచమంతా మారుమోగింది. ఆ డబ్బు మొత్తం హక్కు పూర్తిగా చేతిలో ఉంచుకున్న డాలీ దగ్గరికే నడిచొచ్చింది. తండ్రికి చదువు రాలేదన్న బాధతో 1995 నించి చిన్నపిల్లలకి ఉచితంగా పుస్తకాలు పంచే పథకం నడుపుతోంది.

మా చెల్లెలు ఇది తెనిగిస్తూ మధ్యలో ఆగిపోయింది. "అక్కా, నాయనమ్మ పాటలు?" అంది.

మా నాయనమ్మ పాటలు కట్టేది. వీధిలో ఏ పెళ్ళి జరిగినా, భోజనాల బంతిలో వియ్యపురాలిని ఆటపట్టిస్తూ అప్పటికప్పుడు పాట అల్లి పాడేది. కావిడి తెచ్చిన వాడి నించి పెళ్ళికొడుకు మేనమామ దాకా ఎవర్నీ వదిలేది కాదు. వాటిల్లో కొన్ని ఇప్పటికీ మా వైపు పెళ్ళిళ్ళలో పాడుతున్నారు. ఎవరు కట్టారంటే "ఏమో, పాతకాలం పాటలే" అంటారు. ఆవిడకి రాయడం రాదు. రాసిపెడదామని ఇంట్లో ఎవరికీ తోచలేదు. బస్సులో కూర్చుని ఇద్దరం ఒక పాట గుర్తు చేసుకోవడానికి చూశాం. వియ్యపురాలి కాఫీ మీద వెక్కిరింత అది. రెండు చరణాలొచ్చాయి. మూడోది ఇద్దరికీ రాలేదు. ముందు సీటులో కూర్చున్న ముసలావిడ వెనక్కి తిరిగి, వినడానికి చాలా బాగుందని మెచ్చుకుంది. అర్థం చెబితే ఏమనేదో!

మధ్యాహ్నం భోజనం గురించి చెప్పకపోతే మీరూరుకోరు. ఆ ఊరి ప్రత్యేకం 'హాట్ చికెన్'. కోడిముక్కలు వేయించి, వేడి వేడి నూనెలో కలిపిన ఎర్రకారం పూసి, తెల్ల రొట్టె ముక్క మీద పెట్టి, పైన దోసకాయ ఊరగాయ చక్రాలు వేసి ఇస్తారు. అది ఎలా పుట్టిందో చెప్పుకునే కథ ఇంకా బాగుంటుంది. చాలా ఏళ్ళ కిందట థార్న్‌టన్ ప్రిన్స్ అనే నల్లజాతి ఆయన రాత్రంతా ఎక్కడో తిరిగి పొద్దున్నే ఇంటికొచ్చాడట. ఇంట్లో ఉన్నావిడ ఒక్క మాటా అనకుండా కోడికూర చేసి, దాంట్లో గుప్పెళ్ళతో కారం కుమ్మరించి పెట్టింది. శిక్ష అన్నమాట. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడనుకుంటే, లొట్టలేసుకుని తిని మళ్ళీ వడ్డించమన్నాడు! తర్వాత అన్నదమ్ములతో కలిసి దుకాణమే పెట్టాడు. పాటకచేరీలు అయిపోయాక గాయకులు అర్ధరాత్రి అక్కడికే వచ్చేవారు. దుకాణం ఆయన పేరునే వెలిసింది. కారం పోసిన ఆవిడ పేరు మాత్రం ఎవరికీ తెలియదు. మేం 'మీడియం' తెచ్చుకున్నాం. గోంగూరలో పండుమిరప నంజుకున్న నాలుక కనక తట్టుకుంది గానీ, వాళ్ళ 'మీడియం'ని తక్కువ అంచనా వెయ్యకండి.

పక్కనే 'బిస్కెట్' అని ఇచ్చారు. మన బిస్కెట్టు కాదు, మెత్తటి చిన్న బన్ను లాంటిది. మైదాలో బేకింగ్ పౌడరూ ఉప్పూ ముందే కలిపి అమ్మే పిండి అక్కడ దొరుకుతుంది. దాంట్లో చల్లటి వెన్న ముక్కలు వేళ్ళతో రవ్వలా నలిపి, మజ్జిగ పోసి, ఎక్కువ పిసక్కుండా ఒత్తి, ఓవెన్‌లో కాలుస్తారు. పిసికితే గట్టిపడుతుందిట. 'మార్తా వైట్' అనే ఆ పిండి బ్రాండు మిల్లు యజమాని కూతురి పేరు. పిండికీ పాటకీ ఏం సంబంధమంటారా? ఉంది. 1948 నించి ఆ పిండి కంపెనీ రేడియోలో పాటల కార్యక్రమానికి డబ్బులిచ్చి ప్రకటనలు వేయించుకుంది. ఆ కార్యక్రమం పేరు 'గ్రాండ్ ఓల్ ఆప్రీ'. 1925 నవంబరులో ఒక ఇన్సూరెన్సు కంపెనీ వాళ్ళ రేడియో స్టేషను మొదలుపెట్టింది. శనివారం రాత్రి పల్లెల్లో జనం రేడియో చుట్టూ చేరేవారు. మనం ఆదివారం పొద్దున టీవీ చుట్టూ చేరిన రోజులు తలుచుకోండి. 2025కి ఆ కార్యక్రమానికి నూరేళ్ళు నిండాయి, ఇంకా నడుస్తోంది.

ఆ కార్యక్రమం 1943 నించి 1974 దాకా జరిగిన చోటు రైమన్ ఆడిటోరియం. మధ్యాహ్నం బస్సు మమ్మల్ని అక్కడ దింపింది. ఎర్ర ఇటుకల భవనం, రంగు రంగుల అద్దాల కిటికీలు, లోపల చర్చిలో మాదిరి వంపు తిరిగిన చెక్క బల్లలు. అది నిజంగా ప్రార్థన మందిరమే. టామ్ రైమన్ అనే స్టీమర్ల యజమాని 1885లో ఒక మతబోధకుడి మాటలు విని మనసు మారి కట్టించాలని పూనుకుంటే 1892లో తయారైంది. ఇదంతా గోడల మీద ఉంది. గోడల మీద పెద్ద అక్షరాల్లో లేనిది లూలా నాఫ్ గారి కథ.

ఆవిడ భర్త పోయిన మనిషి, ఒక కూతురు. టైపు, షార్ట్‌హ్యాండు నేర్చుకుని ఉద్యోగంలో చేరి, 1920లో ఆ భవనానికి మేనేజరైంది. 1955 దాకా, అంటే ముప్ఫయి అయిదేళ్ళు నడిపింది. గొప్ప గొప్ప నాటకాలవాళ్ళనీ, నాట్యకత్తెలనీ, సంగీత విద్వాంసుల్నీ ఆ చిన్న ఊరికి రప్పించింది. ఉత్తరాల కింద 'ఎల్.సి. నాఫ్' అని పొడి అక్షరాలతో సంతకం చేసేది. ఆడదని తెలిస్తే అవతలివాళ్ళు బేరం సరిగ్గా చెయ్యరని. 1939లో ఒక నాటకం ఆడనివ్వమని ఊరి సెన్సారువాళ్ళు అడ్డుపడితే కోర్టుకెక్కి గెలిచింది. మన అమ్మలు పాలవాడితో, బియ్యం కొట్టువాడితో బేరమాడేటప్పుడు వెనకనించి మగగొంతు అరువు తెచ్చుకునేవారే, "మావారు ఒప్పుకోరు" అంటూ. ఈవిడకి ఆ గొంతు కూడా లేదు, పొడి అక్షరాలే దిక్కు.

అంత పేరున్న ఆ భవనంలో ఆడ గాయనులకి బట్టలు మార్చుకోవడానికి గది లేదండీ. ఆడవాళ్ళ బాత్రూములోనే తయారై వచ్చి స్టేజీ ఎక్కేవారు. ఏసీ లేదు, ఎండాకాలం జనం విసనకర్రలు విసురుకుంటూ వినేవారు. 1974లో కార్యక్రమం కొత్త భవనానికి వెళ్ళిపోయాక ఇది పాడుబడింది, పడగొట్టేద్దామనీ అన్నారు. 1991లో ఎమ్మీలూ హారిస్ అనే గాయని అక్కడే కచేరీ పెట్టి రికార్డు చేసింది. బాల్కనీ ఎప్పుడు కూలుతుందోనని దాని కింద ఎవర్నీ కూర్చోనివ్వలేదట. ఆ రికార్డు విని జనానికి ఈ భవనం మీద మళ్ళీ ప్రేమ పుట్టింది. బాగుచేయించి 1994లో తెరిచారు.

బయట లొరెట్టా లిన్ విగ్రహం ఉంది, 2020లో పెట్టారు. బొగ్గుగని కార్మికుడి కూతురు. పదిహేనేళ్ళకే పెళ్ళి, ఇరవై ఏళ్ళు నిండేసరికి నలుగురు పిల్లలు. ఇంటిపని చేసుకుంటూ పాడుతుంటే విని భర్త 17 డాలర్లు పెట్టి గిటారు కొనిచ్చాడు. 1960లో ఇక్కడ పాడే అవకాశం వస్తే, హోటలుకి డబ్బు లేక ఈ భవనం ముందే కారులో పడుకున్నారు. ఆవిడ పాటల్లో మొగుడి తాగుడూ ఉంటుంది, పక్కింటావిడతో పోట్లాటా ఉంటుంది. 1975లో గర్భనిరోధక మాత్ర మీద పాట పాడితే చాలా రేడియో స్టేషన్లు వెయ్యమని కూర్చున్నాయి. ఏటా కడుపుతో ఉండే ఆడది ఇక చాలని చెప్పడం పాటలో వింటే వాళ్ళకి కోపం వచ్చింది మరి. మన ఇళ్ళలో ఆ మాట పక్కింటావిడ చెవిలో చెప్పుకునేవాళ్ళం, పాటగానా! 2022లో పోయింది, తొంభై ఏళ్ళు.

భవనం వెనక సందు దాటితే వంగపండు రంగు వేసిన చిన్న కట్టడం, 'టూట్సీస్ ఆర్కిడ్ లౌంజ్'. బారు. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. చెల్లెలు చెయ్యి పట్టుకుని లాగింది. లోపల గోడలనిండా ఫోటోలు, సంతకాలు, స్టేజీ మీద ఎవరో కుర్రాడు. 1960లో టూట్సీ బెస్ అనే ఆవిడ దీన్ని కొంది. రంగు వేసేవాడు ఆ వంగపండు రంగు తనంతట తనే వేసేశాడు, ఆవిడ అలాగే ఉంచేసింది. రైమన్‌లో పాడేవాళ్ళు సందు దాటి వెనక గుమ్మంలోంచి ఇక్కడికొచ్చేవారు. పాటలు అమ్ముడుపోని కుర్రాళ్ళకి ఆవిడ తిండి పెట్టేది, జేబులో అయిదో పదో కుక్కేది. అప్పు చీటీలన్నీ ఒక చుట్టల పెట్టెలో వేసి ఉంచేది. ఏడాది చివర పేరున్న గాయకులు కొందరు ఆ చీటీలన్నీ కొనేసి ఆవిడ బాకీ తీర్చేవారట. తాగి గొడవ చేసేవాడికి మాత్రం టోపీ పిన్నుతో ఒక్క పోటు. అన్నం పెట్టిన చెయ్యీ అదే, పొడిచిన చెయ్యీ అదే. 1978లో పోయింది.

విల్లీ నెల్సన్ అనే రచయిత పైసా లేని రోజుల్లో అక్కడే కూర్చునేవాడు. ఒక రాత్రి పాట్సీ క్లైన్ అనే గాయని భర్త అతన్ని అక్కడ కలిసి, పాట వినిపిద్దువుగాని రమ్మని అర్ధరాత్రి దాటాక ఇంటికి పట్టుకొచ్చాడు. ఇతగాడు మొహమాటపడి కారు దిగలేదు. పాట్సీయే బయటికొచ్చి లోపలికి రమ్మంది. తాగొచ్చిన మొగుడు అర్ధరాత్రి అతిథిని కూడా తెస్తే మనమైతే ఏం చేస్తామో మీకు చెప్పక్కర్లేదు. ఆ పాటే 'క్రేజీ', 1961లో. అప్పటికి కారు ప్రమాదంలో దెబ్బలు తిని, చంకకర్రలతో స్టూడియోకి వెళ్ళి పాడింది. ఆవిడ మ్యూజియం దగ్గర్లోనే ఉంటే అదీ చూశాం. వాళ్ళింటి సామానూ, తల్లి కుట్టి ఇచ్చిన స్టేజీ దుస్తులూ, సరదాగా పోగేసుకున్న ఉప్పు మిరియాల డబ్బాల జతలూ. గొప్ప గాయని అంటే నాకంత భయం వేయలేదు గానీ, ఆ డబ్బాలు చూస్తే మాత్రం గొంతు పట్టేసింది. 1963 మార్చిలో విమాన ప్రమాదంలో పోయేనాటికి ఆవిడకి ముప్ఫయ్యేళ్ళు. ఇద్దరు చిన్నపిల్లలు. మనమంతా ఎప్పటికో వాడుకుందామని దాచుకునే సామాను అలాగే అద్దాల వెనక ఉంది.

సాయంత్రం ఆప్రీకి వెళ్ళాం. ఊరికి దూరంగా నది పక్కన 1974లో కట్టిన కొత్త హాలు. వచ్చేటప్పుడు రైమన్ వేదికలోంచి ఆరడుగుల గుండ్రటి చెక్క కోసి తెచ్చి కొత్త వేదిక మధ్యలో అతికారు. పాడేవాళ్ళు దాని మీదే నిలబడతారు. 2010 మే నెలలో వరదొచ్చి వేదిక మొత్తం నీళ్ళలో మునిగినా ఆ చెక్క బతికింది. కొత్తింట్లోకి పాత పొయ్యి రాయి తెచ్చుకున్నట్టు లేదూ! ఒక్కొక్కరూ రెండు మూడు పాటలు పాడి దిగిపోతారు, మధ్యలో ఒకాయన నిలబడి రేడియో ప్రకటనలు చదువుతాడు. ఈ వేదిక మెట్లు అందరికీ ఒకేలా లేవని కూడా గైడు దాచకుండా చెప్పాడు. తొలిరోజుల్లో మౌతార్గాన్ వాయించి ఊపేసిన డిఫోర్డ్ బెయిలీ అనే నల్లజాతి కళాకారుణ్ణి 1941లో తీసేస్తే బూట్లు పాలిష్ చేసుకుని బతికాడు. పోయాక చాలా ఏళ్ళకి, 2005లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చారు. 1969లో అక్కడ ఒంటరిగా పాడిన తొలి నల్లజాతి మహిళ లిండా మార్టెల్. ఒక్కటే ఆల్బమ్ వచ్చింది. ఆ తర్వాత సొంత ఊరెళ్ళి స్కూలు బస్సు నడిపింది. 2024లో బియాన్సే తన ఆల్బమ్‌లో ఆవిడ గొంతు పెట్టాకే కొత్త తరానికి ఆవిడ పేరు తెలిసింది.

మీలో ఎవరైనా పిల్లల దగ్గరికని అటువైపు వెళితే ఒక్క మాట. మెత్తటి బూట్లు వేసుకోండి, చీర మీదైనా సరే. హాళ్ళలో చలి ఎక్కువ, స్వెట్టరు మర్చిపోకండి. శాకాహారులు పులిహోర పొట్లం కట్టుకెళితే మంచిది.

ఆట వదిలేసరికి రాత్రి పది అయింది. మన దేశంలో అప్పుడు ఆదివారం పొద్దున ఎనిమిదిన్నర. కారు పార్కింగులోనే చెల్లెలు మా మేనత్తకి ఫోన్ చేసింది. "అత్తయ్యా, నాయనమ్మ వియ్యపురాలి కాఫీ పాట, మూడో చరణం ఏమిటి?" అంది. అవతల కాసేపు ఉలుకూ పలుకూ లేదు. "ఈ పాటకోసం అమెరికానించి ఫోనా? ఆగండే, పొయ్యి మీద పాలున్నాయి, కట్టేసి వస్తా" అంది. వచ్చి పాడింది. ముందుగా మా రెండో చరణంలో రెండు మాటలు దిద్దింది, అది కాఫీ కాదు, ఉప్మాట. తర్వాత మూడోది. చెల్లెలు ఫోను పట్టుకుంటే ఆప్రీ కార్యక్రమం కాగితం వెనకాల నేను రాసుకున్నాను. మూడో చరణం చివర, వాగ్గేయకారులు ముద్ర పెట్టుకున్నట్టు, నాయనమ్మ తన పేరు పెట్టుకుని ఉంది.

అత్తయ్యకి ఇంకా పదకొండు పాటలు గుర్తున్నాయట. ఆదివారం ఆదివారం ఫోన్ చెయ్యమంది, పాలు కాగే వేళ తప్పించి.